లారీకి రేడియల్ టైర్లు మంచివా, నైలాన్ టైర్లా?

కారు సంగతైతే ఆలోచించాల్సిన పనే లేదు, రేడియల్ వేయించండి. అసలు ప్రశ్న లారీలదే.

మన లారీవాళ్లు నైలాన్ టైరు అనేదే బయాస్ టైరు. అందులో దారాల పొరలు ఏటవాలుగా, ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. బండి కదిలినప్పుడు పక్కగోడ, ట్రెడ్ (టైరు నేలను తాకే భాగం) కలిసే వంగుతాయి. పొరలు రాసుకుని వేడి పుడుతుంది. టైరును తినేసేది ఆ వేడే. మిషెలిన్ సంస్థ 1946లో పేటెంట్ తీసుకున్న రేడియల్‌లో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు తిన్నగా సాగుతాయి, ట్రెడ్ కింద ఉక్కు బెల్టు ఉంటుంది. పక్కగోడ వంగినా ట్రెడ్ నేలను చదునుగా పట్టుకుంటుంది. అందుకే డీజిల్ ఆదా, అరుగుదల తక్కువ.

హైవే మీద దూరం వెళ్లే బండికి ధర ఎక్కువైనా రేడియలే లాభం. చీమకుర్తి గ్రానైట్ క్వారీల వంటి చోట రాళ్ల మీద నెమ్మదిగా తిరిగే బండికి మాత్రం పక్కగోడ గట్టిగా ఉండే నైలాన్ టైరు ఇప్పటికీ సరైనదే.

టైరు మీద 10.00-20 అని ఉంటే బయాస్. ఆ గీత స్థానంలో ఆర్ అక్షరం ఉంటే రేడియల్. ఒకే యాక్సిల్ (ఇరుసు) మీద రెండు రకాలూ దయచేసి కలపకండి, మలుపులో బండి అదుపు తప్పవచ్చు. రేడియల్ గాలి సరిగా ఉన్నా కింద కాస్త ఉబ్బినట్టే కనిపిస్తుంది కాబట్టి కంటి అంచనా వద్దు, గేజితోనే చూడండి.