కేసుకు డబ్బు ఎవరిస్తారు? – పాఠకుల న్యాయ సందేహాలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అందరికీ పనికివచ్చే విషయమే కాబట్టి ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఐరోపాలో డిజిటల్ హక్కుల కేసులకు డబ్బు ఇవ్వడానికే ప్రత్యేకంగా ఒక నిధి ఉందని తరగతిలో విన్నాను. మన హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేయడానికి పెద్దగా కోర్టు ఫీజు కూడా ఉండదు కదా, మరి కేసు కోసం నిధి దేనికి? ఆ డబ్బంతా లాయర్ల ఫీజుకేనా?
– న్యాయశాస్త్ర విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీరు విన్నది డిజిటల్ ఫ్రీడమ్ ఫండ్ గురించి అయి ఉంటుంది. 2017లో ఏర్పడిన ఈ సంస్థ తానుగా కేసులు వేయదు. వ్యక్తిగత గోప్యత, ఇంటర్నెట్‌లో భావప్రకటన, ప్రభుత్వ నిఘా, మనుషుల బతుకుల మీద కంప్యూటర్లు తీసుకునే నిర్ణయాలు వంటి అంశాలపై, ఐరోపా దేశాల మానవ హక్కుల కూటమి అయిన కౌన్సిల్ ఆఫ్ యూరప్ సభ్యదేశాల్లో కేసులు నడిపే సంస్థలకు, న్యాయవాదులకు సాయం చేస్తుంది. కేసు వేయడానికి ముందు జరపవలసిన పరిశోధనకు ఒక రకం గ్రాంటు, కింది కోర్టు నుంచి పై కోర్టు దాకా సాగే వ్యాజ్యానికి మరో రకం గ్రాంటు ఇస్తుంది. ఒకరికి న్యాయం జరగడంతో ఆగిపోకుండా, అదే స్థితిలో ఉన్న వేలమందికి వర్తించే సూత్రం వచ్చే కేసులనే అక్కడ వ్యూహాత్మక వ్యాజ్యాలంటారు. మన ప్రజాప్రయోజన వ్యాజ్యానికి ఇది దగ్గరి చుట్టమే అయినా, ఏ కేసును, ఏ కోర్టులో, ఎప్పుడు, ఎవరి పేరున వేయాలన్నది ముందే కూర్చుని నిర్ణయించుకోవడం ఇందులో ప్రత్యేకత.

లాయర్ ఫీజు ఆ ఖర్చులో ఒక భాగం మాత్రమే. నా దృష్టిలో ముఖ్యమైన భాగం కూడా కాదు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వెళ్లి ఏడ్చాడన్న సామెత మనకు ఉండనే ఉంది. బ్రిటన్, ఐర్లాండ్ వంటి చోట్ల ఓడినవాడి ఏడుపు చాలా పెద్దది, ఎందుకంటే సాధారణంగా ఎదుటి పక్షం పెట్టుకున్న పెద్ద లాయర్ల ఖర్చు కూడా ఓడినవాడే భరించాలి. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్‌లోనూ ఖర్చులు ఓడినవారిపై వేసే అధికారం ఉన్నా, ఆచరణలో అది తరచుగా నామమాత్రంగానే ఉంటుంది. అక్కడ అలా కాదు. ఒక దేశ ప్రభుత్వం మీదో, పెద్ద కంపెనీ మీదో కేసు వేసి ఓడిపోతే ఒక చిన్న సంస్థ మూతపడిపోవచ్చు.

ఐర్లాండ్‌లో జరిగిందే చూడండి. ఎవరు ఎవరికి ఎప్పుడు, ఎక్కడి నుంచి ఫోన్ చేశారన్న వివరాలను, అనుమానం ఉన్నా లేకున్నా పౌరులందరి విషయంలోనూ, టెలికాం కంపెనీలు 6 నెలల నుంచి 2 ఏళ్ల వరకు దాచి ఉంచాలని 2006లో ఐరోపా యూనియన్ ఒక ఆదేశం (సభ్యదేశాలన్నీ తమ చట్టాల్లోకి తెచ్చుకోవలసిన ఉమ్మడి నిబంధన) తెచ్చింది. డిజిటల్ రైట్స్ ఐర్లాండ్ అనే చిన్న సంస్థ అదే ఏడాది డబ్లిన్ హైకోర్టుకు వెళ్లింది. గోప్యత మాట ఎత్తకముందే ప్రభుత్వం వైపు నుంచి రెండు అభ్యంతరాలు వచ్చాయి. ఈ సంస్థకు కేసు వేసే అర్హత లేదన్నది మొదటిది. ఓడిపోతే మా ఖర్చులు ఎవరిస్తారు, ముందే హామీ సొమ్ము కట్టించండి అన్నది రెండోది. రెండో అభ్యంతరం నెగ్గి ఉంటే కేసు అక్కడితో ముగిసేదని నేను అనుకుంటాను. 2010 మే నెలలో హైకోర్టు ఆ రెండింటినీ తోసిపుచ్చి, అసలు ప్రశ్నను ఐరోపా యూనియన్ న్యాయస్థానానికి పంపడానికి అంగీకరించింది. ఆస్ట్రియాలో 11,130 మంది కలిసి వేసిన కేసు కూడా దానితో జతపడింది. 2014 ఏప్రిల్ 8న లక్సెంబర్గ్‌లోని ఆ న్యాయస్థానం ఆదేశం మొత్తాన్నీ కొట్టివేసింది. ఫలితం యూనియన్‌లోని దేశాలన్నింటికీ దక్కింది కానీ, ఆ ఎనిమిదేళ్లూ ఖర్చు భయం మాత్రం కేసు వేసినవారి నెత్తిమీదనే ఉంది.

ఓడిన తరువాత మళ్లీ నిలబడటానికి కూడా డబ్బు కావాలి. కార్డిఫ్‌లో దక్షిణ వేల్స్ పోలీసులు నడిచి వెళ్తున్న జనం ముఖాలను కెమెరాతో గుర్తించే ప్రయోగం చేసినప్పుడు, ఎడ్ బ్రిడ్జెస్ అనే పౌరుడు లిబర్టీ అనే పౌరహక్కుల సంస్థ అండతో కోర్టుకెక్కి, 2019 సెప్టెంబరులో ఓడిపోయారు. అక్కడితో ఆగి ఉంటే ఆ తీర్పే మిగతా పోలీసు శాఖలకు ఆమోదముద్ర అయ్యేది. అప్పీలు కోర్టు 2020 ఆగస్టులో దాన్ని తిరగరాసి, ఎవరి ముఖాలను జాబితాలో పెట్టాలి, కెమెరాలను ఎక్కడ పెట్టాలి అన్నది పోలీసుల ఇష్టానికి అంతగా వదిలేయడం చట్టబద్ధం కాదని చెప్పింది. పై కోర్టు దాకా వెళ్లే స్తోమత లేనప్పుడు ఇలాంటి కేసు వేయకపోవడమే మేలు, ఎందుకంటే మధ్యలో వదిలేసిన కేసు తరువాత వచ్చేవారి దారికి కూడా అడ్డుపడుతుంది.

ప్రశ్న: డబ్బిచ్చినవాడి మాటే కదా చెల్లేది? విదేశాల్లో కంపెనీలు కేసుల మీద పెట్టుబడి పెట్టి, గెలిస్తే వాటా తీసుకుంటాయని విన్నాను. హక్కుల పేరుతో జరుగుతున్నది కూడా ఆ వ్యాపారమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నర్సంపేట

జవాబు: మాస్టారూ, మీ అనుమానం అర్థం లేనిది కాదు గానీ రెండింటినీ ఒకే గాట కట్టకూడదు. వాటా కోసం డబ్బు పెట్టేవారికి నష్టపరిహారం వచ్చే కేసులే కావాలి. నిఘా చట్టాన్ని కొట్టివేయమని అడిగే కేసులో గెలిచినా పంచుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి, అటువంటి వాటికి గ్రాంట్లు, చందాలే ఆధారం. ఆస్ట్రియా న్యాయవాది మాక్స్ ష్రెమ్స్ 2017లో వియన్నాలో ప్రారంభించిన నోయిబ్ అనే గోప్యత హక్కుల సంస్థ సభ్యుల చందాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఐరోపా పౌరుల సమాచారాన్ని అమెరికాకు తరలించడానికి కుదుర్చుకున్న రెండు ఒప్పందాలను 2015లో ఒకటి, 2020లో ఒకటి లక్సెంబర్గ్ న్యాయస్థానం రద్దు చేసింది ఈయన కేసుల్లోనే.

వ్యాపార ధోరణిలో పెట్టే డబ్బుకు కూడా ఐరోపాలో కొంత కట్టడి ఉంది. వినియోగదారుల తరఫున సంస్థలు వేసే సామూహిక దావాల కోసం 2020లో తెచ్చిన ఆదేశం ప్రకారం, నిధులిచ్చినవారు కేసు నిర్ణయాలను, రాజీని తమకు అనుకూలంగా తిప్పుకోకూడదు. ప్రతివాది తమకు వ్యాపారంలో పోటీదారుడైతే ఆ కేసుకు డబ్బు ఇవ్వనేకూడదు.

మన దేశంలో మూడో వ్యక్తి కేసుకు డబ్బు పెట్టడం నేరమేమీ కాదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వర్సెస్ ఎ.కె. బాలాజీ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఈ మాట అన్నది. అయితే ఫలితంలో వాటా మాట్లాడుకుని కేసు తీసుకునే స్వేచ్ఛ న్యాయవాదికి లేదు. పైగా 2023 నాటి మన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద వసూలయ్యే జరిమానా నేరుగా భారత ప్రభుత్వ సంచిత నిధికి పోతుంది, సమాచారం పోగొట్టుకున్న మనిషికి పైసా రాదు. కాబట్టి వాటా కోసం పెట్టుబడి పెట్టేవారు ఈ వైపు తొంగిచూస్తారన్న భయం మీకు అక్కరలేదు. నాకైతే అది సంతోషించవలసిన విషయంగా కూడా కనిపించడం లేదు.

ప్రశ్న: మా అమ్మ పేరున నాలుగు చక్రాల బండి ఉన్నట్టు కంప్యూటర్లో చూపిస్తోందని చెప్పి రేషన్ కార్డు తీసేశారు. మాకు ఉన్నది ఒక పాత మోటారు సైకిలే, అదీ నా పేరున ఉంది. నోటీసు రాలేదు. ఏ బండి, ఏ నెంబరు అని అడిగితే చెప్పేవారు లేరు. ఐరోపాలో ఇలాంటి కేసులకు సాయం చేసే సంస్థకు మేము దరఖాస్తు పెట్టుకోవచ్చా?
– పాఠకుడు, పరకాల

జవాబు: ఆ నిధి మీకు రాదు. అది కౌన్సిల్ ఆఫ్ యూరప్ దేశాల్లో నడిచే కేసులకే పరిమితం. వేరే విదేశీ సంస్థ ఏదైనా ముందుకొచ్చినా, ఇక్కడ ఆ డబ్బు తీసుకునే సంస్థకు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తరువాత, అలా తీసుకున్న సంస్థ ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడానికి కూడా వీల్లేదు. ఢిల్లీలో ఒకరు తీసుకుని పరకాలలో మరొకరికి ఇచ్చే దారి మూసుకుపోయిందన్నమాట.

అయినా మీ అమ్మగారి కష్టం వంటిదే ఐరోపాలో కోర్టుకెక్కింది కాబట్టి, అక్కడ ఏం చేశారో మీరు తెలుసుకోవాలి. నెదర్లాండ్స్ ప్రభుత్వం సిరి అనే కంప్యూటర్ వ్యవస్థతో పన్నులు, అప్పులు, ఇల్లు, ఉద్యోగం, ప్రభుత్వ సాయం వంటి రికార్డులన్నింటినీ కలిపి, ఎవరు మోసం చేసే అవకాశం ఉందో లెక్కగట్టేది. దాన్ని రోటర్‌డామ్, ఐండ్‌హోవెన్ వంటి నగరాల్లో పేదలు ఎక్కువగా ఉండే పేటల మీద వాడారు. లెక్క ఎలా గడుతుందో బయటపెట్టలేదు. పౌరహక్కుల సంస్థలు, ఎఫ్ఎన్‌వీ అనే కార్మిక సంఘం కలిసి వేసిన కేసులో హేగ్ జిల్లా కోర్టు 2020 ఫిబ్రవరి 5న, ఆ వ్యవస్థలో పారదర్శకత, సరిచూసుకునే వీలు లేవని, అది ఐరోపా మానవ హక్కుల ఒడంబడిక 8వ అధికరణానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ప్రభుత్వం అప్పీలుకు పోలేదు.

మన రాష్ట్రంలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు శాఖల రికార్డులను పేరు, చిరునామాల పోలికతో ఒకచోటికి తెస్తుంది. మన పేర్ల సంగతి మీకు తెలిసిందే. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవారు మండలానికి పదిమంది ఉంటారు, ఒకే మనిషి పేరును ఆధార్‌లో ఒక రకంగా, పట్టాదారు పుస్తకంలో మరో రకంగా ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు. నోటీసు ఇవ్వకుండా, కంప్యూటర్ విశ్లేషణ ఆధారంగా కార్డులు రద్దు చేశారంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసులో, 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశం వచ్చింది. అంటే ఇంటికి వచ్చి చూడాలి. మీ కార్డు ఆ కాలంలోదైతే మీ దరఖాస్తులో ఈ ఆదేశాన్ని తప్పక ప్రస్తావించండి.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, కార్డు రద్దు ఉత్తర్వు నకలు, రద్దుకు ఆధారమైన వాహనం నెంబరు, దాని యజమాని తండ్రి పేరు లేదా భర్త పేరు, చిరునామా, ఇచ్చామంటున్న నోటీసు నకలు, దాన్ని అందుకున్నట్టు సంతకం, ఇంటికి వచ్చి విచారణ జరిపిన ఉద్యోగి నివేదిక అడగండి. ‘రద్దుకు కారణం తెలపండి’ అని మాత్రమే రాస్తే ‘అనర్హులు’ అన్న ఒక్క మాటతో జవాబు రావచ్చు. కాగితాల పేర్లు రాసి అడిగితే కాగితాలైనా ఇవ్వాలి, లేవనైనా రాసివ్వాలి, ఇవ్వనంటే కారణమైనా చెప్పాలి. లేవని రాసి ఇచ్చిన జవాబే కోర్టులో మీకు అన్నిటికంటే గట్టి ఆధారం. దానితోపాటు జాతీయ ఆహార భద్రత చట్టం కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి ఫిర్యాదు చేసి, రసీదు తీసుకోండి.

హైకోర్టులో రిట్ (ప్రభుత్వ చర్యను ప్రశ్నించే పిటిషన్) వేయవలసి వస్తే మీ అమ్మగారికి లాయర్ ఖర్చు ఉండదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. హనుమకొండ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి మీ అమ్మగారి పేరునే దరఖాస్తు ఇవ్వండి, మీ పేరున ఇవ్వకండి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఉచిత న్యాయ సహాయం ఒక మనిషికి లాయర్‌ను ఇస్తుంది, అది మంచిదే. కానీ నూరు ఇళ్లు తిరిగి, ఎన్ని కార్డులు ఒకే తప్పుతో పోయాయో పట్టిక కట్టి, కంప్యూటర్ లెక్కలు తెలిసినవారితో ఆ తప్పు ఎక్కడ జరిగిందో రాయించే పనికి అందులో డబ్బు లేదు. ఐరోపాలో కేసుకు ముందు పరిశోధనకని విడిగా ఇచ్చే గ్రాంటు సరిగ్గా ఆ పనికే. ఉత్తర తెలంగాణ జిల్లాల్లో అలాంటి పట్టిక ఒక్కటి ఉన్నా, మీ అమ్మగారి రిట్ ఒక కార్డు కేసుగా కాక ఒక పద్ధతి మీద కేసుగా విచారణకు వచ్చేది. న్యాయ కళాశాలలు తమ న్యాయ సహాయ కేంద్రాల ద్వారా ఈ పని చేయవచ్చు. పై ప్రశ్న రాసిన హనుమకొండ విద్యార్థిని ఇది చదువుతూ ఉంటారని ఆశిస్తాను.

ప్రశ్న: ఇటువంటి కేసులకు మామూలు ఉద్యోగులం చందా ఇవ్వవచ్చా? పన్ను మినహాయింపు ఉంటుందా?
– ప్రైవేటు ఉద్యోగిని, కరీంనగర్

జవాబు: నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. హైదరాబాద్‌లో ముఖాలను గుర్తించే కెమెరాల వాడకాన్ని ప్రశ్నిస్తూ మన హైకోర్టులో వేసిన వ్యాజ్యానికి సహకరించిన ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ ప్రధానంగా ప్రజల చందాల మీద నడిచే సంస్థే. ఏ సంస్థకు ఇచ్చినా, ఇచ్చేముందు దాని వార్షిక లెక్కలు చూడండి, డబ్బు ఒక కేసుకా, సంస్థ మొత్తం ఖర్చుకా అని అడగండి. సంస్థకు 80జీ గుర్తింపు ఉండి, మీరు పాత పన్ను విధానంలో ఉంటేనే మినహాయింపు వర్తిస్తుంది. కొత్త విధానంలో అది లేదు. నగదుగా 2,000 రూపాయలకు మించి ఇస్తే పాత విధానంలో కూడా మినహాయింపు దక్కదు కాబట్టి బ్యాంకు ద్వారానే పంపండి.