విశాఖ మీద బాంబులు పడిన రోజును రాస్తున్న నీకు

బాబూ, ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్ట్ అందింది. మొదటిసారి ఒక్క బిగిన చదివేశాను. రెండోసారి పెన్సిల్ చేత్తో పట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయన్న సంగతి నీ వయసువాళ్లలో చాలామందికి తెలియదు. దాన్ని సినిమాగా రాయాలని నీకు తోచినందుకు ముందుగా నా సంతోషం. మా అమ్మకు అప్పుడు పన్నెండేళ్లు. ఆ సాయంత్రం వాళ్లు ఉడుకుతున్న అన్నాన్ని పొయ్యి మీదే వదిలేసి, ఎడ్లబండి కట్టుకుని విజయనగరం వైపు వెళ్లిపోయారు. చివరి రోజుల దాకా ఆవిడ ఆ అన్నం సంగతే చెప్పేది. బాంబుల ఊసు తక్కువ. అందుకని నీ కథ నాకు పరాయిది కాదు. కాస్త గట్టిగా చెబితే ఏమీ అనుకోకు.

ఉత్తరం చివర నువ్వు అడిగావు: "మాస్టారూ, చరిత్రకు ఎంతవరకు కట్టుబడాలి? మరీ పాఠంలా ఉంటే జనం చూడరు కదా?"

ఈ భయం నాకు తెలుసు. నిర్మాత ఎదురుగా కూర్చుని కథ చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో ఆసక్తి తగ్గుతుంటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో నేనూ పడ్డాను. జరగని యుద్ధాలన్నీ ఆ టెన్షన్‌లోనే పుడతాయి. నీ ఇంటర్వెల్ సీన్ కూడా అక్కడే పుట్టిందని నా అనుమానం. హార్బర్ మీద పెద్ద డాగ్‌ఫైట్, అంటే ఆకాశంలో విమానాల ముఖాముఖి పోరు, పెట్టావు. మన తెలుగు కుర్రాడు బ్రిటిష్ ఫైటర్ విమానం స్పిట్‌ఫైర్ ఎక్కి, జపాన్ ఫైటర్లైన జీరోలను నాలుగింటిని సముద్రంలో కూల్చేస్తాడు. చదువుతుంటే హుషారుగానే ఉంది. కానీ ఆ సీన్ తీసెయ్.

మన వైమానిక దళానికి స్పిట్‌ఫైర్లు వచ్చింది 1944లో. ఇక జీరోల సంగతి. ఆ రోజు దాడికి వచ్చిన విమానాలు ర్యూజో అనే విమాన వాహక నౌక మీద నుంచి లేచాయి. అడ్మిరల్ ఒజావా దళంలోని ఓడ అది. ఆ కొద్ది రోజుల్లోనే ఆ దళం బంగాళాఖాతంలో 20కి పైగా సరుకు ఓడలను ముంచింది. అప్పటికి ర్యూజో మీద ఉన్న ఫైటర్లు జీరోలు కావు. అంతకు ముందు తరంవి, ఏ5ఎంలు. వాటి చక్రాలు లోపలికి ముడుచుకోవు, కాక్‌పిట్‌కు పైకప్పు ఉండదు. బాంబులు వేయడానికి వేరే విమానాలు ఉండేవి. ఇదంతా నీ గ్రాఫిక్స్ టీమ్‌కు చెబితే వాళ్లే సరిచేస్తారు. అది పెద్ద తప్పేం కాదు.

పెద్ద తప్పు డాగ్‌ఫైటే. అప్పుడు విశాఖలో మనకు ఉన్నవి తీరం వెంబడి కాపలా తిరిగే వాపిటీలు, 1920ల నాటి రెండు అంతస్తుల రెక్కల విమానాలు. వాటితో వెళ్లి ఫైటర్లతో పోరాడడం కుదిరే పని కాదు. ఆ రోజు ఊరిని కాపాడడానికి పైన ఎవరూ లేరు. మా అమ్మావాళ్లు, రేవులో కూలీలు, బండివాళ్లు తలెత్తి చూసింది ఆ ఖాళీ ఆకాశాన్నే. నువ్వు అక్కడ ఒక వీరుణ్ణి పెట్టగానే ఆ ఖాళీ పోతుంది. వాళ్ల భయం కూడా దానితో పాటే పోతుంది. అసలు నీ సినిమాయే ఆ ఖాళీ గురించి కదా, బాబూ?

యంత్రం విషయంలో జరిగే తప్పూ మనిషి విషయంలో జరిగే తప్పూ ఒకటి కావు. నేను చెప్పాలనుకున్నదంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

1969లో బ్రిటన్ వాళ్లు 1940 నాటి ఆకాశ యుద్ధం మీద 'బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్' అని పెద్ద సినిమా తీశారు. అందులో జర్మన్ విమానాలుగా ఎగిరినవి స్పెయిన్‌లో తయారైనవి. వాటిలో ఉన్నది రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజిన్. అంటే స్పిట్‌ఫైర్‌లో ఉండే ఇంజినే శత్రు విమానంలోనూ మోగుతోంది. విమానాల గురించి తెలిసినవాడు మూతి ఆకారం చూసి ఇట్టే పసిగడతాడు. కానీ అసలు జర్మన్ విమానాలు అన్ని ఎక్కడ దొరుకుతాయి? దొరికినవాటితో, గ్రాఫిక్స్ లేని కాలంలో, వాళ్లు నిజంగా ఎగిరి చూపించారు. ఇలాంటి లోపాన్ని నేను లోపంగా లెక్కపెట్టను.

1955 నాటి 'ది డ్యామ్ బస్టర్స్'లో రెండు రకాల తప్పులూ కనిపిస్తాయి. 1943 మే 16 రాత్రి 19 లాంకాస్టర్ బాంబర్ విమానాలు జర్మనీ ఆనకట్టల మీదికి వెళ్లాయి. ఎనిమిది తిరిగి రాలేదు. 133 మందిలో 53 మంది చనిపోయారు. నీళ్ల మీద ఎగిరెగిరి పడుతూ వెళ్లే ఆ బాంబు అసలు ఆకారం సినిమాలో లేదు. తీసేనాటికి అది ఇంకా ప్రభుత్వ రహస్యం. కాబట్టి దాన్ని వదిలేద్దాం. ఇంకొకటుంది. చీకట్లో నీటికి సరిగ్గా 60 అడుగుల ఎత్తున ఎగరాలి. అందుకని విమానం కింద రెండు దీపాలు బిగించారు, రెండు వెలుగులూ నీటి మీద కలిసిన చోట ఎత్తు సరిపోయినట్టు. సినిమాలో ఈ ఆలోచన దళ నాయకుడు గిబ్సన్‌కు నాటకశాలలో స్టేజి దీపాలు చూస్తుంటే తడుతుంది. సీన్ చాలా అందంగా ఉంటుంది. నిజానికి ఆ ఉపాయం విమానాల తయారీ శాఖలో పనిచేసిన బెంజమిన్ లాక్‌స్పైజర్ అనే శాస్త్రవేత్తది. ఒక మనిషి బుర్రలో పుట్టినదాన్ని తీసి ఇంకో మనిషికి ఇచ్చేశారు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మన దేశంలో జరిగింది ఇంకా బాధగా ఉంటుంది. 'బోర్డర్' నువ్వు చిన్నప్పుడు టీవీలో చూసే ఉంటావు. 1971 డిసెంబర్ 4 రాత్రి రాజస్థాన్ సరిహద్దులో పాకిస్తాన్‌తో జరిగిన లోంగేవాలా యుద్ధం. అందులో సునీల్ శెట్టి వేసిన భైరోన్ సింగ్ పాత్ర ప్రాణత్యాగం చేస్తుంది. థియేటర్లో జనం ఏడ్చారు. నేనూ ఏడ్చాను. అసలు భైరోన్ సింగ్ రాథోడ్ ఆ యుద్ధంలో చనిపోలేదు. సరిహద్దు భద్రతా దళంలో పనిచేసిన ఆయనకు 1972లో సేనా మెడల్ వచ్చింది. సినిమా వచ్చాక కూడా పాతికేళ్లు బతికి, 2022 డిసెంబర్‌లో, 81వ ఏట కన్నుమూశారు. ఒక మనిషి తన ఊళ్లో తిరుగుతుండగా దేశమంతా ఆయన చావుకు ఏడ్చింది. ఆ సీన్ రాసేటప్పుడు ఆయన ఇంట్లోవాళ్లు టీవీ ముందు కూర్చోవడం ఎవరికైనా తోచిందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. వేరే పేరు పెట్టి ఉంటే ఈ బాధే లేదు.

బతికినవాణ్ణి చంపడం ఒక రకం. ఉన్నవాళ్లను లేకుండా చేయడం ఇంకో రకం. కార్గిల్ సమయంలో చీతా హెలికాప్టర్ నడిపిన గుంజన్ సక్సేనా మీద 2020లో సినిమా వచ్చింది. అందులో ఉధంపూర్ బేస్‌లో ఆమె ఒక్కతే ఆడపిల్ల. కానీ 1996లో అక్కడికి ఇద్దరు మహిళా పైలట్లు కలిసి వెళ్లారు. రెండో ఆమె శ్రీవిద్యా రాజన్. తానూ అక్కడే ఉన్నానని, తానూ కార్గిల్‌లో ఎగిరానని ఆమె తనంతట తానే బయటికి వచ్చి చెప్పుకోవాల్సి వచ్చింది. వైమానిక దళం కూడా తమను చూపించిన తీరు మీద సెన్సార్ బోర్డుకు అభ్యంతరం రాసింది. హీరోయిన్ ఒంటరిగా ఉంటే కథకు బలం వస్తుందని మనకు అలవాటుగా అనిపిస్తుంది. ఇద్దరు అమ్మాయిలు ఒకరికొకరు తోడుగా ఆ బేస్‌లో అడుగుపెట్టడం కథ కాదా? నాకైతే అదే మంచి కథ.

ఇక నీ అసలు భయానికి వస్తాను. నిజం చెబితే బోర్ కొడుతుందని కదా?

విమాన యుద్ధంలో టెన్షన్ అంతా హద్దుల్లోంచి వస్తుంది. 1940 నాటి స్పిట్‌ఫైర్‌లో ఎనిమిది తుపాకులు ఉండేవి. బటన్ అదే పనిగా నొక్కి పట్టుకుంటే దాదాపు 15 సెకన్లలో గుళ్లన్నీ అయిపోయేవి. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జర్మన్ ఫైటర్‌కు లండన్ మీద పోరాడడానికి పది నిమిషాల పెట్రోలు మిగిలేది, అంతే. ఈ రెండు సంగతులూ ప్రేక్షకుడికి ముందే చెప్పి చూడు. ప్రతి సెకనూ అతను లెక్కపెడతాడు. నీ హీరో ఆరు నిమిషాల సీన్‌లో గుళ్లు కాలుస్తూనే ఉంటాడు. అవి అయిపోవని తెలిశాక చూసేవాడికి భయం దేనికి?

ఇందాక తప్పుపట్టిన 'బోర్డర్' ఈ పని మాత్రం చక్కగా చేసింది. జైసల్మేర్‌లో ఉన్న హంటర్ విమానాలు రాత్రిపూట దాడి చేయలేవు. ఎడారిలో 120 మంది జవాన్ల మీదికి ట్యాంకులు వస్తున్నాయి. సాయం చేయగల విమానాలు దగ్గర్లోనే ఉన్నాయి, పైలట్లూ సిద్ధంగా ఉన్నారు. తెల్లవారితే తప్ప లేవలేవు. తెల్లవార్లూ ఆ ఎదురుచూపే సినిమా. ఆ ఒక్క సాంకేతిక నిజాన్ని తీసేస్తే కథ కుప్పకూలుతుంది. అందుకే ఏ విమానం గురించి రాసినా అది ఏం చేయగలదో కాదు, ఏం చేయలేదో ముందు తెలుసుకో. నీ సీన్లు అందులోంచి వస్తాయి.

మరి కల్పన ఎక్కడ అంటావు. దానికి దేవయ్యగారి సంగతి చెబుతాను. 1965 సెప్టెంబర్ 7న మన మిస్టేర్ విమానాలు ఆదంపూర్ నుంచి లేచి పాకిస్తాన్‌లోని సర్గోధా బేస్ మీద దాడికి వెళ్లాయి. కూర్గ్‌కు చెందిన స్క్వాడ్రన్ లీడర్ ఏ.బి. దేవయ్య అదనపు పైలట్‌గా ఉండి, వాళ్లతో కలిసి వెళ్లారు. తిరిగి రాలేదు. ఏం జరిగిందో ఇక్కడ ఎవరికీ తెలియదు. ఏళ్లు గడిచాక, ఒక బ్రిటిష్ రచయిత పుస్తకం వచ్చాక, అసలు సంగతి బయటపడింది. ధ్వనికి రెండింతల వేగంతో పోగల పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ విమానాన్ని ఒక మిస్టేర్ ఆ రోజు కూల్చింది. ఆ పాకిస్తానీ పైలట్ పారాచూట్‌తో దూకి బతికాడు. దేవయ్యగారికి మహావీర చక్ర ఇచ్చింది 1988లో, 23 ఏళ్ల తర్వాత.

ఇందులో తెలిసినవి ఉన్నాయి: తేదీ, చోటు, విమానాలు, ఫలితం. ఎప్పటికీ తెలియనివీ ఉన్నాయి: ఒంటరిగా మిగిలిన ఆ నిమిషాల్లో ఆయన ఏమనుకున్నారు, ఇంట్లో ఎవరు గుర్తొచ్చారు, ఎదురుతిరగాలని ఎప్పుడు నిశ్చయించుకున్నారు. తెలిసినదాన్ని మార్చకు. తెలియని చోట నీ కలానికి ఎంత శక్తి ఉంటే అంత రాయి. ఆ చోటు చిన్నదేమీ కాదు, అక్కడే మనుషులు ఉంటారు. ముప్పై ఏళ్లుగా నేను పట్టుకుని రాస్తున్న పద్ధతి ఇదొక్కటే.

ఇంకో సంగతి. నీ హీరోకు గొప్పదనం కోసం దూరం పోయి ఏదో కల్పించావు. నిజం వెతికితే మన దగ్గరే ఎన్ని దొరుకుతాయో చూడు. బ్రిటన్ ఆకాశ యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ పేరు 'హైదరాబాద్ స్క్వాడ్రన్'. దాని చిహ్నం మీద ఉన్నది నిజాం తలపాగా. హరికేన్లు నడిపిన 253వ స్క్వాడ్రన్‌కూ హైదరాబాద్ పేరే. మొదటి ప్రపంచ యుద్ధంలో 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు కొనడానికి నిజాం డబ్బిచ్చాడు, ఆ పేరు అక్కడ మొదలైంది. ఇది నీ కథలోకి రాదు, తెలుసు. కానీ ఎవరూ కల్పించలేని సంగతి ఇది, చెప్పకుండా ఉండలేకపోయాను.

మళ్లీ విశాఖకు వద్దాం. నీ స్క్రిప్ట్‌లో 11వ పేజీలో రేవులో బొగ్గు మోసే ఒకాయన ఉన్నాడు. విమానాలను చూసి "మనవేరా" అంటాడు, పక్కన ఉన్న కొడుకు చెయ్యి ఊపుతాడు. రెండే డైలాగులు. ఆ తర్వాత వాళ్లు మళ్లీ కనబడరు. స్క్రిప్ట్ అంతటిలో నా గుండె ఆగింది అక్కడ ఒక్కచోటే. ఆ తండ్రీకొడుకుల పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు కాబట్టి వాళ్లు పూర్తిగా నీవాళ్లు. వాళ్లకు ఇల్లు కట్టు, అప్పులు పెట్టు, ఆ రోజు సోమవారం కాబట్టి పనిలోకి ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో రాయి. విమానం పైలట్ కళ్లతో కాక ఆ కుర్రాడి కళ్లతో కనబడనీ. పైన ఎంత ఎత్తులో ఉందో, చప్పుడు ముందు వినబడిందా, నీడ ముందు పడిందా, అదంతా వాడికి తెలిసినంతే మాకూ తెలియాలి.

రాసే ముందు ఆ ఏప్రిల్ నెల పాత పత్రికలు లైబ్రరీలో తిరగెయ్యి. కాకినాడలో, ఇక్కడ విశాఖ పాతపట్నంలో ఆ రోజు చూసిన ముసలివాళ్లు ఇంకా ఒకరిద్దరు మిగిలి ఉండొచ్చు. ఉంటే తొంభై దాటి ఉంటారు. అందుకని ఈ పని వాయిదా వేయకు. వాళ్లను బాంబుల గురించి అడగొద్దు. ఆ రోజు ఏం వండారో, ఇంట్లోంచి ఏం పట్టుకుని బయల్దేరారో అడుగు.

వచ్చే నెల రెండో ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను. డాగ్‌ఫైట్ పేజీలు ఇంట్లో వదిలేసి, ఆ బొగ్గు మోసే ఆయన సీన్ ఇరవై పేజీలు రాసుకుని రా. భోజనం మా ఇంట్లోనే.

ఆశీస్సులతో,
మీ మాస్టారు