నాగలి వదలని రైతు గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఓరుగల్లు నవల మొదటి మూడు అధ్యాయాలు అందాయి. రెండో అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "సుల్తాను పిలుపు వినగానే లక్షలాది రైతులు నాగళ్లు వదిలి కత్తులు పట్టారు" అని రాశావు. రాత్రంతా అదే మనసులో మెదిలింది. అందుకే ఈ ఉత్తరం.

ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖల్జీ రైతుల చేత కత్తి పట్టించలేదమ్మా. 1303లో ఓరుగల్లు మీదికి వెళ్లిన అతని సేన చితికి తిరిగొచ్చింది. ఆ ఏడే చిత్తోడ్ నుంచి తానిలా వచ్చాడో లేదో, సేనాని తార్ఘీ వెంట మంగోలులు ఢిల్లీని ముట్టడించారు. సుల్తాను ఢిల్లీ పక్కనే ఉన్న సిరి దగ్గర కందకం తవ్వించుకుని దాని వెనక కూర్చోవాల్సి వచ్చింది. ఆ భయంలోంచి పుట్టిన సైన్యం అది. యుద్ధం వచ్చినప్పుడు పోగుచేసేది కాదు, ఏడాది పొడుగునా కొలువులో ఉండేది. గుర్రపు సవారుకు భూమి ఇవ్వలేదు, ఖజానా నుంచి రొక్కం ఇచ్చారు. ఏడాదికి 234 టంకాలు, అంటే వెండి నాణేలు. రెండో గుర్రం ఉంటే మరో 78. ఒకే గుర్రాన్ని రెండుసార్లు చూపించి మోసం చేయకుండా గుర్రానికి కాల్చిన ముద్ర, మనిషికి ఆనవాళ్లు రాసిన హులియా.

ఆ జీతంతో సంసారం గడవాలంటే ధరలు కట్టడి చేయాలి. మణుగు గోధుమలు 7½ జీతల్లు, బియ్యం 5. జీతల్ అంటే టంకా కింది చిల్లర నాణెం. మరి ఆ ధాన్యం ఎక్కడిది? గంగా యమునల నడుమ రైతు పంటలో సగం శిస్తుకే పోయింది. తిరుగుడు బతుకు బంజారాలను యమున ఒడ్డు ఊళ్లలో కాపురం పెట్టించి, వాళ్ల చేత ధాన్యం మోయించారు. తూకం తగ్గిస్తే అంత మాంసం దుకాణదారు ఒంటి నుంచి కోసేవారని ఢిల్లీ చరిత్రకారుడు బరనీ రాశాడు. నీ రైతు నిజంగా నాగలి వదిలి ఉంటే ఆ సైన్యం పస్తులతో పోయేది.

నలభై ఏళ్లుగా నేను చెప్పేది ఇదొక్కటే. సైన్యం గురించి రాసేవాళ్లు ముందు దాణా లెక్క తెలుసుకోవాలి. మా నాన్న రైసుమిల్లులో గుమాస్తా. బస్తా ధర మారితే ఎవరింట్లో పొయ్యి వెలగదో ఆయన పద్దులు చూసి చిన్నప్పుడే తెలుసుకున్నాను. నా మొదటి సీరియల్లో ఒక బంజారా కుటుంబం మీద అధ్యాయం మొత్తం రాశాను. ఆ వారపత్రిక ఎడిటరు దాన్ని ఎత్తేశాడు. "పాఠకుడికి కత్తులు కావాలి, కొట్టు పద్దులు కాదు" అన్నాడు. అప్పటికి రెండు నెలల ఇంటద్దె బాకీ. ఒప్పుకున్నాను. ఆ సంచికలు ఇంట్లోనే ఉన్నాయి, ఇప్పటికీ తెరవలేను. ఇప్పుడు చూస్తే ఏ చారిత్రక నవల తీసినా గాల్లోకి లేచే వీరులే. వాళ్లకు ఆకలే వెయ్యదు.

ఇంకో మాట. ప్రతాపరుద్రుడి సేనకూ ఢిల్లీ సేనకూ నీ కథలో తేడా కనపడలేదు. కాకతీయుల నాయంకరంలో నాయకుడికి ఊళ్లిస్తారు, ఆ రాబడితో అతను బంట్లను సాకాలి. బంటు తినే ఉప్పు నాయకుడిది. ఢిల్లీ సవారు తినేది ఖజానాది. 1310లో ఓరుగల్లు మట్టికోట దాటి రాతికోటను చుట్టుకున్న మనిషికీ, లోపల బురుజు కాసిన మనిషికీ మాటలో, మొండితనంలో, భయంలో ఈ తేడా వినిపించాలి.

ప్రతాపరుద్రుడు లొంగుబాటు గుర్తుగా తన బంగారు బొమ్మ చేయించి, దాని మెడకు గొలుసు వేసి పంపాడని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. ఆ బొమ్మను నువ్వు కంసాలి చేతుల్లోంచి చూపించావు. గొలుసు అతికేటప్పుడు అతని చెయ్యి వణకడం చదివి నా కళ్లు చెమర్చాయి. ఆ కళ్లతోనే ఢిల్లీ వైపు కూడా చూడు.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. అది తర్వాత. ముందు రెండో అధ్యాయం తిరగరాసి పంపు. ఆ సవారు తినే రొట్టెకు పిండి ఏ ఊరి నుంచి వచ్చిందో అందులో ఉండాలి.