మిల్లు గోడకు డిజిటల్ గడియారం: ఏం చూసి కొనాలి?

ప్రశ్న: మాది ఏనుమాముల దగ్గర పత్తి జిన్నింగ్ మిల్లు. షెడ్డు పొడవు 80 అడుగులు. గేటు గడియారానికీ షెడ్డులో దానికీ నాలుగు నిమిషాల తేడా. షిఫ్టు మారినప్పుడల్లా మాటా మాటా పెరుగుతోంది. పెద్ద ఎల్‌ఈడీ గడియారం కొనాలనుకుంటున్నాం. ఏది తీసుకోవాలి?

జవాబు: అంకెల సైజు తేల్చుకోవడం తేలిక. 25 అడుగుల దూరానికి అంగుళం ఎత్తు చొప్పున లెక్కేయండి. మీకు 4 అంగుళాల అంకెలు సరిపోతాయి. ఎరుపు రంగే మేలు, నీలం దూరానికి అలికినట్టుంటుంది. 24 గంటల పద్ధతిలో చూపించేది అడగండి.

అయితే మీ తగాదా అంకెలు పెద్దవైతే తీరేది కాదు. లోపల టైమ్ నడిపే చిప్ ఏదో దుకాణంలో గట్టిగా అడగండి. మామూలు క్రిస్టల్‌తో (కంపిస్తూ టైమ్ నడిపే చిన్న క్వార్ట్జ్ ముక్క) నడిచేవి నెలకు 50 సెకన్ల దాకా తప్పుతాయి. మన మే నెల ఎండకు రేకుల కింద క్రిస్టల్ ఇంకా నెమ్మదిస్తుంది, 45 డిగ్రీల దగ్గర రోజుకు మరో సెకను పోతుంది. డీఎస్3231 చిప్ వేడిని కొలుచుకుని తనను తానే సరిచేసుకుంటుంది. ఏడాదికి తేడా రెండు నిమిషాల లోపే.

అంత మంచివైనా రెండు విడి గడియారాలు ఎప్పటికైనా విడిపోతాయి. అందుకే ఒకటి మాస్టర్‌గా, రెండోది దాని మాట వినే స్లేవ్‌గా ఉండేలా ఆర్‌ఎస్-485 (తీగల మీద సంకేతాలు దూరం పంపే పద్ధతి) జత కొనండి. మధ్య మెలితిప్పిన రెండు తీగల కేబుల్ 1200 మీటర్ల వరకు పనిచేస్తుంది. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. ఈ కేబుల్‌ను మోటారు తీగలతో ఒకే పైపులో లాగకండి. మాస్టర్‌కు ఉపగ్రహాల నుంచి టైమ్ అందుకునే జీపీఎస్ పెడితే టైమ్ దిద్దే పనే ఉండదు. కానీ దాని యాంటెన్నా రేకుల పైన, ఆకాశం కనపడేచోట ఉండాలి. టైమ్ జోన్ +5:30 పెట్టడం మరవకండి.

పత్తి నూగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గాలి రంధ్రాలున్న పెట్టె వద్దే వద్దు. నూగు లోపలికి చేరి పవర్ సప్లై మీద పేరుకుంటే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. దుమ్ము అసలు చొరబడని ఐపీ65 పెట్టె తీసుకోండి. కరెంటు లైట్ల లైను నుంచి ఇవ్వండి. స్టార్టర్ల బోర్డు నుంచి ఇస్తే మోటారు ఎత్తుకున్నప్పుడల్లా అంకెలు గల్లంతవుతాయి, పవర్ సప్లై కూడా తొందరగా పోతుంది.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా ఆఫీసు గడియారం 12:00 చూపిస్తోంది. రిపేరా?

జవాబు: ముందు కరెంటు లేనప్పుడు టైమ్ నిలిపే లోపలి బిళ్ళ సెల్ చూడండి, ఎక్కువగా సీఆర్2032 ఉంటుంది. మల్టీమీటర్‌లో 3 వోల్టులు రావాలి, 2.5కు దిగితే మార్చండి. 230 వోల్టులు నేరుగా పెట్టెలోకి వెళ్ళే రకమైతే ప్లగ్ తీశాకే తెరవండి, టైమ్ మళ్ళీ పెట్టుకోవచ్చు. కొత్త సెల్ కొన్ని నెలలకే ఉబ్బితే తప్పు బోర్డుది. రీఛార్జి సెల్ కోసం చేసిన, సెల్‌కు ఛార్జి ఎక్కించే బోర్డులో మామూలు సెల్ వేశారన్నమాట.