బోర్డు ఫోటో పెట్టింది ఎవరు?

సందేహం: హనుమకొండలో చిన్న బిర్యానీ హోటల్ నడుపుతున్నాను. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకాయన రోజూ ఇస్లాం మీద ఏదో ఒకటి పెడతాడు. బురఖా, తలాక్, మా ఆడవాళ్లకు స్వేచ్ఛ లేదని. పోయిన రంజాన్ రెండో వారంలో, మంచి హలీం సీజన్‌లో, ముస్లిం హోటళ్లలో వంటల్లో ఉమ్మి వేస్తారని ఎక్కడిదో వీడియో ఫార్వర్డ్ చేశాడు. కింద మా బోర్డు ఫోటో కూడా పెట్టాడు. బేరం సగానికి పడిపోయింది. బాధతో గ్రూపులోంచి బయటికొచ్చి చాట్ మొత్తం డిలీట్ చేశాను. స్టేషన్‌కు పోతే కోర్టుకు పొమ్మన్నారు. భావప్రకటనా స్వేచ్ఛ పేరుతో మా మతాన్ని ఏమైనా అనొచ్చా? మతాన్ని కించపరిచాడని కేసు పెడితే బెయిల్ కూడా రాదంటున్నారు, నిజమేనా? పోయిన మెసేజ్‌ను అవే మాటలతో మళ్లీ తయారు చేసిస్తానని ఒక మిత్రుడు అంటున్నాడు. – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు మూడు పేజీలు రాశారు, పైన వేసింది దాని సారాంశమే. అందులో రెండున్నర పేజీలు ఇస్లాం గురించి, మీ మనసుకు తగిలిన దెబ్బ గురించి. మీ కేసు మాత్రం మూడో పేజీ చివర ఒక్క వాక్యంలో ఉంది: కింద మా బోర్డు ఫోటో కూడా పెట్టాడు. మీరేమో దాన్ని ఏదో అలా గుర్తొచ్చి రాసినట్టు రాశారు.

ముందు బురఖా, తలాక్ పోస్టుల సంగతి. వాటి మీద మీకు కేసు లేదు. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముమ్మారు తలాక్‌ను కొట్టేసింది. ఆ కేసులో ముందు నిలబడింది షాయరా బానో అనే ముస్లిం మహిళ. ఒక మతాచారాన్ని తప్పుపట్టడమే నేరమైతే ఆమె మీద కూడా కేసు పెట్టాలి. మతాన్ని అవమానించడం మీద పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి)లో ఉన్న 295-ఎ సెక్షన్ గురించి మీకు ఎవరో చెప్పారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 299. మతాన్ని అవమానించినట్టు ఉంటే చాలదు, కావాలని, దురుద్దేశంతో చేసి ఉండాలని సుప్రీంకోర్టు 1957లోనే రాంజీలాల్ మోదీ కేసులో చెప్పింది. పైగా ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు ఆ నేరాన్ని విచారణకు తీసుకోదు. నాన్ బెయిలబుల్ అంటే బెయిల్ రాదని అర్థం కాదు. బెయిల్ స్టేషన్‌లో కాకుండా కోర్టులో అడగాలి, అంతే. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అవసరం ఉంటే తప్ప అరెస్టు చేయొద్దని 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో తీర్పు వచ్చింది. కాబట్టి ఆయన్ను ఒక్క రాత్రయినా లోపల పెట్టించాలన్న ఆశ వదిలేయండి.

ఉమ్మి వీడియో వేరు. అది వర్గాల మధ్య ద్వేషం పెంచేదని అదే న్యాయ సంహితలోని 196 సెక్షన్ కింద ఫిర్యాదు ఇవ్వొచ్చు. పోలీసులు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు. తర్వాత దానికి కూడా ప్రభుత్వ అనుమతి కావాలి. ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, వద్దనను. కానీ దాన్ని నడిపేది ప్రభుత్వం. దాంతో మీ గిరాకీ తిరిగి రాదు.

బోర్డు ఫోటో మాత్రం మీ సొంత కేసు. వీడియోలో ఉన్నది ఊరు, పేరు లేని హోటల్. మీ ఫోటో చేరగానే ఆ మాట మీ పొయ్యి మీదికి వచ్చింది. ఇది పరువు నష్టం. నాకొచ్చింది ఫార్వర్డ్ చేశానంతే అని ఆయన అంటే చెల్లదు. మళ్లీ పంపడమూ ప్రచురణే. ఫోటో మీద ‘ఫార్వర్డెడ్’ గుర్తు లేకపోతే అది ఆయనే పెట్టాడనడానికి మీకు ఒక ఆధారం కూడా.

స్టేషన్‌లో మిమ్మల్ని మతం చూసి పంపేశారని రాశారు. వాళ్ల మనసులో ఏముందో నాకు తెలియదు గానీ చెప్పిన మాట మాత్రం చట్టం. పరువు నష్టం పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టే నేరం కాదు, మెజిస్ట్రేటు దగ్గరికి పోవాల్సిందే. 2025 సెప్టెంబరులో మన తెలంగాణ హైకోర్టు కూడా సోషల్ మీడియా కేసుల గురించి ఇదే చెప్పింది.

ఇక మిమ్మల్ని తిట్టాల్సిన చోటు. గ్రూపులోంచి బయటికి రావడం మీ ఇష్టం, చాట్ ఎందుకు చెరిపేశారు? దుకాణంలో దొంగతనమైతే వేలిముద్రలు తుడిచేస్తారా? సరే, పోయింది మీ ఫోన్‌లోనే. గ్రూపులో మిగతావాళ్ల దగ్గర ఉంటుంది. గ్రూపు అడ్మిన్ మీద కేసు పెట్టాలని రాశారు, అది మానండి. అడ్మిన్ అయినంత మాత్రాన ఇతరుల పోస్టుకు బాధ్యుడు కాడని బాంబే, కేరళ హైకోర్టులు చెప్పాయి. ఆయన్ను ముద్దాయిని చేయకుండా సాక్షిని చేసుకోండి. ఆయన ఫోన్‌లో తేదీ, సమయం, పంపినవారి నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయించి, చాట్ ఎక్స్‌పోర్ట్ చేయించండి. కేసు తేలేదాకా ఆ ఫోన్ ఫార్మాట్ కావద్దు, ఎక్స్ఛేంజ్ ఆఫర్‌లో పోవద్దు. ప్రింటు తీసి కోర్టులో పడేస్తే నడవదు. భారతీయ సాక్ష్య అధినియమ్ 63 సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. అందులో ఒక భాగం ఫోన్ గలవాడు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఈ కాగితం తప్పనిసరి అని పాత సాక్ష్య చట్టం ఉన్నప్పుడే, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మీ మిత్రుడిని మాత్రం ఇంటి గడప తొక్కనివ్వకండి. మాటలు అవే కావచ్చు, ఆ పోస్టు పెట్టినాయన నిజంగా రాసినవే కావచ్చు. తయారు చేసిన స్క్రీన్‌షాట్ తయారు చేసిందే. కోర్టులో దొంగ సాక్ష్యం సృష్టిస్తే ఏడేళ్ల వరకు శిక్ష. ఈరోజు మీరు ఫిర్యాదుదారు. ఆ కాగితం ఫైల్లో పెట్టిన రోజు ముద్దాయి మీరే, ఆయన సాక్షి. అప్పుడు నా దగ్గరికి రాకండి.

గడువు గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. నష్టపరిహారం దావాకు లిమిటేషన్ ఒక్క ఏడాది, మెసేజ్ పెట్టిన రోజు నుంచి. తేదీ అడిగితే రంజాన్ రెండో వారం అంటారు. కోర్టు ఇంగ్లీషు క్యాలెండరు చూస్తుంది. 2025లో మన దగ్గర రంజాన్ మార్చి 2న మొదలైంది, అంటే మెసేజ్ మార్చి 9, 15 మధ్య వచ్చి ఉంటుంది. ఈ జవాబు రాస్తున్నది 2025 నవంబరులో. మీకు నాలుగు నెలల కన్నా తక్కువే ఉంది. మళ్లీ రంజాన్ వచ్చేలోపు అనుకున్నా ఈసారి నష్టం లేదు, అది పది పదకొండు రోజులు ముందే వస్తుంది కాబట్టి. మెజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదుకైతే మూడేళ్లు ఉంది, కానీ దాంతో డబ్బు రాదు.

కోటి రూపాయలు అడగాలని ఉందన్నారు. కోర్టు ఫీజు అడిగిన మొత్తాన్ని బట్టి మీరే ముందు కట్టాలి. రంజాన్ ముందు నెల, ఆ నెల, తర్వాతి నెల ఫోన్‌పే లెక్కలు, మాంసం బిల్లులు, హలీం ఆర్డర్ల పుస్తకం తీయండి. ఎంత పడిపోయిందో అంతకే లెక్క కట్టండి. ఆ మెసేజ్ చూసి రావడం మానేసిన గిరాకీలు ఇద్దరైనా సాక్ష్యం చెప్పాలి, మీ బంధువులు కాకుండా. ఫుడ్ లైసెన్సు అమల్లో ఉందా? లేకపోతే అవతలి వకీలు మొదటి ప్రశ్న అదే అడుగుతాడు.

ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి: అదే గ్రూపులో క్షమాపణ, ఫోటో తొలగింపు, నష్టం. జవాబు మెత్తగా వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయకముందే రాజీకి దరఖాస్తు పెట్టండి. లోక్ అదాలత్‌లో రాసుకున్న రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అయితే మాటలు నడుస్తున్నాయని గడువు ఆగదు. జనవరి చివరికి సంతకాలు కాకపోతే ఫిబ్రవరిలో దావా వేసేయండి. వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మూడు పేజీల ఉత్తరం వద్దు, అడ్మిన్‌ను వెంట తీసుకెళ్లండి.