క్రిస్టియన్ రొమాన్స్ నవలంటే ప్రసంగాల పుస్తకమా, బీచ్‌లో చదవడానికి బాగుంటుందా?

ప్రసంగాలు కాదండి, అచ్చంగా ప్రేమకథే, ఈ ఎండాకాలం పేరుపాలెం బీచ్‌కెళ్ళినప్పుడు నీడ చూసుకుని హాయిగా చదివేయొచ్చు. మామూలు రొమాన్స్‌కీ దీనికీ తేడా ఏంటంటే ఇద్దరి ప్రేమతో పాటు వాళ్ళ విశ్వాసం కూడా కథని నడిపిస్తుంది, పడకగది సీన్లు సాధారణంగా వర్ణించరు.

ఫ్రాన్సిన్ రివర్స్ 1991లో రాసిన రిడీమింగ్ లవ్ తీసుకోండి, బైబిల్లో హోషేయ ప్రవక్త, నమ్మకద్రోహం చేసినా ఆయన ప్రేమించిన భార్య గోమెరు, వీళ్ళ కథ ఉందిగా, దాన్నే 1850ల్లో బంగారం కోసం జనం ఎగబడ్డ కాలిఫోర్నియాకి తీసుకెళ్ళి, చిన్నప్పుడే వేశ్యావృత్తిలోకి అమ్ముడుపోయిన అమ్మాయినీ ఆమెని పెళ్ళాడిన రైతునీ పెట్టి రాశారావిడ, ఆ అమ్మాయి వదిలెళ్ళిపోయినా అతని ప్రేమ తగ్గదు, అక్కడ గుండె పట్టేస్తుంది నిజంగా.

ఇవి చర్చికెళ్ళేవాళ్ళకే, కష్టాలుండవు, అంతా మెత్తమెత్తగా సాగుతుంది అనుకుంటారు చాలామంది, అది తప్పు, ఈ కథలో బాధ చాలానే ఉంది.