మామిడి మొక్కలు వేస్తానంటే నోరు జారాను

ప్రశ్న: మా వారికి 60 ఏళ్లు. తొమ్మిదేళ్ల క్రితం సీఎల్ఎల్ అనే రక్తక్యాన్సర్ అన్నారు. మూడు మందులు కలిపి ఇచ్చే ఎఫ్‌సీఆర్ కీమో ఆరు సైకిళ్లు ఇచ్చారు. అప్పటి నుంచి రిపోర్టులు బాగానే ఉన్నాయి, మందులు కూడా లేవు. నాకే నిద్ర పట్టదు. ఆయన పడుకున్నాక మెడ కింద, చంకల్లో గడ్డలేమైనా వచ్చాయేమోనని తడిమి చూస్తుంటాను. మొన్న ఊళ్లో ఉన్న ఎకరంలో మామిడి మొక్కలు వేస్తానన్నారు. ‘అవి కాపుకొచ్చేదాకా ఎవరుంటారు?’ అనేశాను. అప్పటి నుంచి ముభావంగా ఉంటున్నారు. ఏం చేయను?
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, చంకలో చెయ్యి పెడితే మెలకువ రాని మనిషి ఉంటాడా? ఇన్నేళ్లుగా ఆయన మీ కోసం నిద్ర నటిస్తున్నారేమో, ఒక్కసారి ఆలోచించండి.

మీ భయం వట్టిదని అనను. ఈ జబ్బును పూర్తిగా నయమైందని డాక్టర్లు తేలిగ్గా అనరు. అయితే మీవారు తీసుకున్న కీమో సంగతి కూడా వినండి. అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో 300 మందికి ఇవే మూడు మందులు ఇచ్చి, ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. 2016లో ఆ ఫలితాలు ప్రచురించారు. జబ్బు కణాల్లోని ఒక జన్యువులో మార్పులున్నాయో లేదో చూసే ఐజీహెచ్‌వీ పరీక్షలో ‘మ్యుటేటెడ్’ (మార్పులున్నాయి) అని వచ్చినవాళ్లలో సగానికి పైగా, దాదాపు 54 శాతం మంది, 12.8 ఏళ్ల నాటికి కూడా జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. ఆ రకంలో పదిన్నరేళ్లు దాటినవాళ్లలో అప్పటిదాకా ఒక్కరికీ తిరిగి రాలేదు. ‘అన్‌మ్యుటేటెడ్’ రకంలో మాత్రం అంతకాలం నిలిచినవాళ్లు పది శాతం లోపే. పాత ఫైల్లో ఆ మాట ఉందేమో వెతకండి. లేదంటే ఇప్పుడు చేయించడం కుదరదు, పరీక్షకు జబ్బు కణాలు దొరకాలి కదా! ఏమైనా తొమ్మిదేళ్లు నిలబడటమే మంచి సూచన. ఒకవేళ తిరిగొచ్చినా ఇవాళ ఇబ్రూటినిబ్, వెనెటోక్లాక్స్ లాంటి మాత్రలున్నాయి. తెల్ల కణాలు కాస్త పెరిగినంత మాత్రాన వెంటనే వైద్యం మొదలుపెట్టరు కూడా.

ఇక రాత్రి తడమటం మానేయండి. నెలకోసారి స్నానం చేసేటప్పుడు ఆయన్నే చూసుకోమనండి. డాక్టర్ చెప్పిన గడువుకి సీబీపీ రక్తపరీక్ష చేయిస్తే చాలు. జ్వరం 100.4 దాటినా, పక్క తడిసేలా రాత్రి చెమటలు పట్టినా, ఉన్నట్టుండి బరువు తగ్గినా, గడ్డలు తగిలినా ఆగకుండా ఫోన్ చేయండి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి కూడా అడగండి. ఇన్‌ఫెక్షన్ల విషయంలో ఈ జబ్బు ఉన్నవాళ్లు ఎప్పుడూ జాగ్రత్తగా ఉండాల్సిందే. ఇంత చేసినా మీకు నిద్ర రాకపోతే, మీరు కూడా డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. తొమ్మిదేళ్ల టెన్షన్ తక్కువేం కాదు.

నోరు జారిన మాటకు పెద్ద పంచాయితీ పెట్టొద్దు. కాఫీ ఇస్తూ ‘ఆ రోజు భయంతో అన్నాను’ అనండి, అంతే. పిల్లల ముందు మాత్రం వద్దు, ఆయనకు ఇబ్బందిగా ఉంటుంది.

అంటు మొక్కలైతే నాలుగైదేళ్లకే కాపు మొదలవుతుంది. పెంట వేసేటప్పుడు ముక్కుకి మాస్కు, చేతులకు తొడుగులు ఉండేలా చూడండి, అది మీ డ్యూటీ. వానలు పడేలోపు గోతులు తవ్వించి ఆరబెట్టాలి. ఎన్ని తవ్వించాలో ఆయన్ని అడగండి.